మట్టల ఆదివారం నాటి జలియన్‌వాలాబాగ్



ఈ చలికాలంలో మన సంఘం నుంచి ఇరవై మంది దాకా ఢిల్లీ, ఆగ్రా, అమృత్‌సర్ ప్రయాణం పెట్టుకున్నారని మీకు తెలుసు. టూరు కాగితంలో అమృత్‌సర్ రోజున ఇలా రాసి ఉంది: ఉదయం స్వర్ణదేవాలయం, తర్వాత జలియన్‌వాలాబాగ్ నలభై ఐదు నిమిషాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం వాఘా సరిహద్దు. ఆ కాగితం చదివి వినిపిస్తుంటే స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మగారు, "అయ్యగారూ, అంతమంది చచ్చిపోయిన చోటికి టిక్కెట్టు కొనుక్కుని సరదాగా వెళ్ళొచ్చాండి?" అని అడిగారు. యౌవనస్థుల్లో ఒకతను, "సరదాకి కాదు మామ్మగారూ, చరిత్ర తెలుసుకోవడానికి" అన్నాడు. "చరిత్ర పుస్తకంలో ఉంది కదరా నాయనా" అందావిడ. అక్కడికి ఆ మాట ఆగిపోయింది. కానీ ప్రశ్న మంచిది. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. అందుకే ఈ వారం వాక్య ధ్యానానికి బదులు కొంచెం చరిత్ర రాస్తున్నాము. వాక్యం ఎలాగూ అందులోకి వస్తుంది.

ముందుగా మన పల్లెల పద్ధతి ఒకటి గుర్తు చేసుకుందాం. ఎవరింట్లోనైనా చావు జరిగితే మనం "చూడటానికి" వెళ్ళం, "పలకరింపుకి" వెళ్తాం. వెళ్ళి చాప మీద కూర్చుంటాం. మాట్లాడాలని లేదు. వాళ్ళు చెబితే వింటాం, ఏడిస్తే చెయ్యి పట్టుకుంటాం. ఎంత ఖర్చయింది, అప్పెంత మిగిలింది అని అడగం. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనం, ఊరికే లేచి వచ్చేస్తాం. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో రాయలేదు, పిల్లలకు కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా పదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు, చావింటి ముందు ఎలా నడవాలో. దివిసీమ ఉప్పెన నాడు, 1977 నవంబర్ 19 తర్వాతి వారాల్లో, శవాలు మోసి పూడ్చడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఊరికే చూసి పోవడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు అని మన పెద్దలు చెబుతారు. ఆ రెండు రకాలవాళ్ళనీ వాళ్ళు ఈనాటికీ కలిపి చెప్పరు.

లోకంలో ఇలాంటి చోట్లకు ప్రయాణాలు ఈమధ్య మొదలైనవేం కాదు. 1815 జూన్‌లో వాటర్లూ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే ఇంగ్లండు నుంచి జనం ఆ పొలాలు చూడటానికి వచ్చారు. చనిపోయిన సిపాయిల బొత్తాలు, కత్తులు అక్కడి రైతుల దగ్గర కొనుక్కుని ఇంటికి పట్టుకుపోయారు. ఇప్పుడు పోలండులోని ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి ఒక్క 2019లోనే ఇరవై లక్షల మందికి పైగా వెళ్ళారు. ఇలాంటి ప్రయాణాలకు 1996లో గ్లాస్గోలోని ఇద్దరు అధ్యాపకులు "డార్క్ టూరిజం" అని పేరు పెట్టారు. చీకటి యాత్ర అనుకోండి.

మన క్రైస్తవులకైతే ఈ అలవాటు ఇంకా పాతది. లాటిను భాషలోకి బైబిలును తర్జుమా చేసిన జెరోము, రోములో చదువుకునే కుర్రాడిగా ఉన్నప్పుడు ఆదివారాలు స్నేహితులతో కలిసి భూగర్భంలోని హతసాక్షుల సమాధులకు వెళ్ళేవాడినని రాసుకున్నాడు. లోపల ఎంత చీకటంటే, బతికుండగానే పాతాళంలోకి దిగినట్టుండేదట. అగస్టీను తల్లి మోనికమ్మ సంగతి మీలో కొందరికి తెలుసు. ఆమె ఆఫ్రికాలో ఉన్నప్పుడు హతసాక్షుల సమాధులకు జావ, రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్ళేది. మిలాను పట్టణానికి వచ్చాక అక్కడ కూడా అలాగే బుట్ట పట్టుకుని వెళ్తే, బిషప్ అంబ్రోసు ఆ పద్ధతి మాన్పించారని గుమ్మం దగ్గర కాపలావాడు ఆపేశాడు. ఎందుకు మాన్పించారంటే, సమాధుల దగ్గర తాగుడు ఎక్కువైపోయింది. మోనికమ్మ కోపం తెచ్చుకోలేదు. బుట్ట బదులు నిండు హృదయంతో వెళ్ళడం నేర్చుకుంది. మన సమాధుల పండుగనాడు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాక గోడ అవతల ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు గనుక, అంబ్రోసుగారి బాధ మేము అర్థం చేసుకోగలం.

ఇక జలియన్‌వాలాబాగ్ సంగతి.

మనం బడిలో చదువుకున్నది ఇంతే: 1919 ఏప్రిల్ 13న, బైశాఖీ పండుగనాడు, జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే చర్చి క్యాలెండరు పెట్టుకుని ఆ తేదీని ఎవరూ మనకు చదివి చెప్పలేదు. ఆ సంవత్సరం పునరుత్థాన పండుగ ఏప్రిల్ 20న వచ్చింది. అంటే కాల్పులు జరిగిన ఆదివారం మట్టల ఆదివారం. సైన్యాన్ని నడిపించిన అధికారులకు, పంజాబు గవర్నరుకు, ఊళ్ళో ఉన్న తెల్లవాళ్ళందరికీ అది పరిశుద్ధ వారం మొదటి రోజు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

కథ మూడు రోజుల ముందు, ఏప్రిల్ 10, గురువారం నాడు మొదలైంది. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా అమృత్‌సర్‌లో హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒక్కటై నడుస్తున్న రోజులవి. విచారణ లేకుండా మనుషులను జైల్లో పెట్టే అధికారం ఇచ్చే చట్టం అది. ఆ పొద్దున ఇద్దరు నాయకులను, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూను, డాక్టర్ సత్యపాల్‌ను, పిలిపించినట్టే పిలిపించి పట్టుకుని ఊరు దాటించారు. వాళ్ళను విడిచిపెట్టమని అడగడానికి బయలుదేరిన జనాన్ని రైలు వంతెన దగ్గర ఆపి కాల్చారు. కొందరు చనిపోయారు. శవాలను మోసుకుంటూ వెనక్కి తిరిగిన గుంపు పిచ్చెత్తినట్టయింది. బ్యాంకులు తగలబెట్టారు. అయిదుగురు తెల్లవాళ్ళను చంపారు. క్రైస్తవ పుస్తకాల డిపోను, భారతీయ క్రైస్తవుల చర్చిని కూడా కాల్చేశారు. ఇది కూడా జరిగింది, దాచనవసరం లేదు.

అదే రోజు మార్సెల్లా షెర్‌వుడ్ అనే మిషనరీ సోదరి సైకిలు మీద ఒక బడి నుంచి ఇంకో బడికి తిరుగుతున్నారు. ఆమె చర్చ్ ఆఫ్ ఇంగ్లండు జెనానా మిషనుకు చెందినవారు, ఊళ్ళో ఆడపిల్లల బడులు చూసుకునేవారు. గొడవ పెరుగుతోందని బడులు మూసి పిల్లలను ఇళ్ళకు పంపేయాలని ఆమె తాపత్రయం. కూచా కుర్రిచ్ఛాన్ అనే ఇరుకు సందులో గుంపు ఆమెను పట్టుకుంది. కర్రలతో కొట్టారు. పడి లేచి పరుగెత్తి మళ్ళీ పడ్డారు. చనిపోయిందనుకుని వదిలేశారు. అప్పుడు ఆమెను ఇంట్లోకి లాక్కుని, దాచి, కోటకు చేర్చి బతికించింది ఎవరనుకున్నారు? అక్కడి భారతీయులే. వారిలో ఆమె బడిలో చదువుకునే ఒక పిల్ల తండ్రి కూడా ఉన్నాడు.

ఈ సందును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికి వెళ్ళాలి.

పదకొండున బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ డయ్యర్ జలంధరు నుంచి వచ్చి ఊరిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. పదమూడు ఉదయం, సభలు జరపరాదని డప్పు వేయించాడు. ఊరంతా వేయించలేదు. బైశాఖీకి, పశువుల సంతకు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ డప్పు వినబడనే లేదు. గోధుమ కోతల పండుగ అది. స్వర్ణదేవాలయంలో మొక్కు చెల్లించుకుని, పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో కాసేపు నడుం వాల్చినవాళ్ళు ఎందరో. బాగ్ అంటే తోట అని పేరేగానీ అప్పుడది తోట కాదు. చుట్టూ ఇళ్ళ వెనుక గోడలు, మధ్యలో ఎగుడుదిగుడు బంజరు, ఒక బావి, రాకపోకలకు నాలుగైదు ఇరుకు సందులు.

సాయంత్రం అయిదు దాటాక డయ్యర్ తొంభై మంది సిపాయిలతో వచ్చాడు. యాభై మంది చేతుల్లో తుపాకులు ఉన్నాయి. రెండు సాయుధ మోటార్లు సందులో పట్టక బయటే ఆగిపోయాయి. ఆ మోటార్లు లోపలికి పట్టి ఉంటే మెషిన్ గన్లు కూడా వాడి ఉండేవాడినని తర్వాత విచారణలో తానే చెప్పాడు. వెళ్ళిపొమ్మని ఒక్క మాట హెచ్చరిక లేదు. పది నిమిషాల పాటు, 1650 తూటాలు. జనం ఎక్కువ ఉన్న వైపుకు, సందుల వైపుకు గురిపెట్టి కాల్చారు. ఆపిన తర్వాత, పడ్డవాళ్ళను చూడకుండా, నీళ్ళు ఇవ్వకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయారు. హంటర్ విచారణ సంఘం లెక్క ప్రకారం చనిపోయినవాళ్ళు 379 మంది. కాంగ్రెసు విచారణ వెయ్యి మంది వరకు అని చెప్పింది. సర్కారు లెక్కలోనే నలభై ఒక్క మంది పిల్లలు, ఆరు వారాల పసిబిడ్డ ఒకరు ఉన్నారు.

లూకా సువార్త 13వ అధ్యాయం తెరిస్తే, బలులు అర్పించడానికి వచ్చిన గలిలయులను పిలాతు చంపించిన కబురు కొందరు యేసు దగ్గరకు మోసుకొస్తారు. పండుగకు వచ్చిన జనం, గవర్నరు, సిపాయిలు. పేర్లు మార్చితే అదే. ఆ కబురు తెచ్చినవాళ్ళు చనిపోయినవాళ్ళ గురించి తీర్పు వినాలనుకున్నారు. ఆయన మాత్రం చనిపోయినవాళ్ళ పాపం లెక్క కట్టనివ్వలేదు. మాటను తెచ్చినవాళ్ళ వైపే తిప్పేశాడు.

ఇప్పుడు ఈ వ్యాసంలో అన్నిటికన్నా మేము చెప్పాలనుకున్న మనిషి దగ్గరకు వస్తున్నాము. ఆమె పేరు రతన్ దేవి. బాగ్‌కు దగ్గర్లోనే ఇల్లు. కాల్పుల చప్పుడు విని, భర్త అక్కడే ఉన్నాడని తెలిసి పరుగెత్తింది. శవాల కుప్పల మధ్య వెతికి ఆయన్ను గుర్తుపట్టింది. తెలిసిన కుర్రాళ్ళు కనబడితే మంచం తెమ్మని పంపింది. ఎనిమిది దాటింది. ఎనిమిది తర్వాత వీధిలో కనబడితే కాల్చేస్తామని సర్కారు ఆజ్ఞ. మంచం రాలేదు. నేలంతా నెత్తురు. ఒక సర్దార్జీ సాయంతో భర్త దేహాన్ని కొంచెం పొడిగా ఉన్న చోటికి జరిపింది. దగ్గర్లోని ఇళ్ళ తలుపులు తట్టి సాయం అడిగింది, ఎవరూ బయటికి రాలేకపోయారు. తిరిగి వచ్చి, కుక్కలు ముట్టకుండా ఒక వెదురు కర్ర పట్టుకుని, దేహం పక్కన కూర్చుంది. రాత్రంతా.

ఆ రాత్రి సంగతులు ఆమె కాంగ్రెసు విచారణ సంఘానికి స్వయంగా చెప్పింది. పక్కన పన్నెండేళ్ళ కుర్రాడొకడు గాయాలతో మూలుగుతూ, నన్ను వదిలి వెళ్ళొద్దని బతిమాలాడట. భర్తను విడిచి నేనెక్కడికి పోతానని ఆమె చెప్పింది. చలిగా ఉందా, కప్పమంటావా అని అడిగింది. వాడు నీళ్ళడిగాడు. అక్కడ నీళ్ళు దొరకలేదు. ఒక గేదె కూడా దెబ్బతిని కొట్టుకుంటోంది. రెండు గంటలప్పుడు గోడలో కాలు ఇరుక్కున్న ఒక జాట్ రైతు కొంచెం కాలు ఎత్తమని పిలిస్తే లేచి వెళ్ళి ఎత్తింది. ఒంటరిగా అన్ని శవాల మధ్య ఎలా ఉన్నానో నాకే తెలియదన్నట్టు చెప్పుకుంది. తెల్లవారాక ఆ కుర్రాళ్ళు మంచం పట్టుకుని వచ్చారు.

ఈ సాక్ష్యం చదివినప్పుడల్లా మాకు రెండవ సమూయేలు 21వ అధ్యాయంలోని రిస్పా గుర్తొస్తుంది. సౌలు ఇంటివారు ఏడుగురిని ఉరితీసి కొండ మీద వదిలేస్తే, వారిలో ఇద్దరు ఆమె కడుపున పుట్టినవారు. ఆమె గోనెపట్ట బండ మీద పరచుకుని, పగలు పక్షులను, రాత్రి మృగాలను దగ్గరికి రానివ్వకుండా కాపు కాసింది. యవల కోత మొదలైనప్పటి నుంచి వానలు పడేదాకా. ఇది కోతకాలమే, అది కోతకాలమే. రిస్పా ఒక్క మాట మాట్లాడినట్టు గ్రంథంలో లేదు. కానీ ఆమె చేసినది రాజు చెవిన పడి, దావీదు ఎముకలు ఏరించి మర్యాదగా పాతిపెట్టించాడు. ఆదివారం ప్రసంగాల్లో రిస్పాను మనం ఎంత తక్కువగా తలుస్తామో ఆలోచిస్తే చిన్నతనంగా ఉంటుంది.

జలియన్‌వాలాబాగ్‌కు మొట్టమొదట పలకరింపుకు కూర్చున్నది రతన్ దేవి. అక్కడికి వెళ్ళేవాళ్ళెవరైనా ఆమె వెనకే వెళ్తున్నారు.

ఇక ఆ సందు. పరిశుద్ధ వారం గడిచింది. ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడే. పంతొమ్మిదిన, శనివారం, డయ్యర్ ఆసుపత్రిలో షెర్‌వుడ్ సోదరిని చూసి వచ్చి ఒక ఆజ్ఞ వేశాడు. ఆమె పడిపోయిన సందులో భారతీయులెవరైనా నడవాలంటే పొట్ట మీద పాకుతూ పోవాలి. రెండు చివర్ల సిపాయిలు, ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకు. మధ్యలో కొరడా దెబ్బలకు ఒక కొయ్య నిలబెట్టారు. దాడి చేశారన్న అనుమానం మీద పట్టుకొచ్చిన ఆరుగురు కుర్రాళ్ళను, ఆ నేరం రుజువు కాకముందే, దానికి కట్టి కొట్టారు. సందులో కాపురమున్న వాళ్ళకు వేరే దారి లేదు. డాక్టరు రాడు, పాకీ పనివాళ్ళు రారు, సరుకులు తెచ్చుకునే వీల్లేదు. సుమారు యాభై మంది పాకారని హంటర్ సంఘం రాసింది. నేలకు మోకాళ్ళు ఆనించినా బూటుతో, తుపాకి మడమతో పొడిచేవారు. ఆ మర్నాడు పునరుత్థాన పండుగ. ప్రభువు సమాధిలో నుంచి లేచాడని లోకమంతా పాడుకునే ఆదివారంనాడు, ఒక క్రైస్తవ సేవకురాలి పేరు చెప్పి, ఆ సందువాళ్ళను నేలకు పాకించారు. ఆ సందువాళ్ళలోనే ఆమెను బతికించినవాళ్ళు ఉన్నారు.

ఎందుకు ఇలాంటి ఆజ్ఞ అన్నదానికి డయ్యర్ చెప్పాడనే జవాబు మాకు తూటాలకన్నా ఎక్కువ బాధ కలిగించింది. భారతీయులు తమ దేవుళ్ళ ముందు సాగిలపడతారు గదా, ఒక ఇంగ్లీషు స్త్రీ కూడా వాళ్ళ దేవుడంత పవిత్రమని తెలియాలనుకున్నాను అన్నాడు. ఆమె సేవ చేసిన దేవుడెవరో ఆమె దగ్గర అడిగి తెలుసుకోవలసింది. శిష్యుల పాదాలు కడగడానికి తానే వంగిన ప్రభువు ఆయన. చివరికి ఆ ఆజ్ఞ పై అధికారులకే మింగుడుపడక, వారం లోపే తీసేశారు. షెర్‌వుడ్ సోదరి తర్వాతి రోజుల్లో డయ్యర్‌ను సమర్థిస్తూ మాట్లాడారు. ఇది రాయడం మాకు ఇష్టం లేదు. కానీ ఆమె దెబ్బల గురించి చెప్పి ఈ సంగతి చెప్పకపోతే సగం సాక్ష్యమే అవుతుంది. ఇంగ్లండులో ఒక పత్రిక డయ్యర్ కోసం చందా పెడితే 26,000 పౌండ్లు పోగయ్యాయి. ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే అయి ఉంటారు, ఆ కాలం అలాంటిది.

అందరూ అలా లేరు. సి. ఎఫ్. ఆండ్రూస్ అనే ఇంగ్లీషు గురువు, గాంధీగారికీ ఠాగూరుగారికీ ఆప్తుడు, పంజాబుకు బయలుదేరితే మొదట అమృత్‌సర్‌లోనే ఆపి వెనక్కి పంపేశారు. మళ్ళీ వెళ్ళాడు. ఊరూరా తిరిగి, దెబ్బలు తిన్నవాళ్ళ పక్కన కూర్చుని విన్నాడు. జరిగింది హత్యాకాండేనని దాపరికం లేకుండా చెప్పాడు, తన జాతి పక్షాన పంజాబువాళ్ళను క్షమించమని అడిగాడు. చాప మీద కూర్చోవడమంటే అదే.

తర్వాత వచ్చినవాళ్ళలో రకరకాలవాళ్ళున్నారు. 1997 అక్టోబరులో ఎలిజబెత్ రాణి వచ్చి, చెప్పులు విడిచి, పూలు పెట్టి, మౌనంగా నిలబడ్డారు. ఆమె భర్త ఫిలిప్ మాత్రం, మృతుల సంఖ్య రాసిన పలక చూసి, అంతమంది కాదు, అది ఎక్కువ చేసి రాసిందని అన్నారు. ఆ లెక్క నిజంగానే తేలనిది కావచ్చు. కానీ చావింటికి వెళ్ళి సంఖ్య మీద బేరం పెట్టేవాణ్ణి మన పల్లెలో ఏమంటారో మీకు తెలుసు. 2019 సెప్టెంబరు 10న కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ వచ్చారు. నేను బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడలేను గానీ, క్రీస్తు నామంలో మాట్లాడగలను, సిగ్గుపడుతున్నాను, విచారిస్తున్నాను అన్న అర్థంతో మాట్లాడి, అందరి ముందు ఆ నేల మీద బోర్లా సాగిలపడ్డారు. ఆ ఫోటో చూసిన రోజున మాకు వెంటనే ఆ సందు తట్టింది. వందేళ్ళ క్రితం ఆయన సంఘపు సోదరి పేరు మీద మనవాళ్ళను బలవంతాన పొట్ట మీద పడుకోబెట్టారు. ఇప్పుడు ఆ సంఘపు పెద్ద తనంతట తానే పడుకున్నాడు. ఆయన మనసులో ఆ సందు ఉందో లేదో గానీ, నేల చూసింది. క్షమాపణ మాట ఇంతవరకు బ్రిటిష్ ప్రభుత్వం నోట మాత్రం రాలేదు. 2013లో అక్కడికి వచ్చిన ప్రధాని సిగ్గుపడవలసిన సంఘటన అన్నారు, 2019లో ఇంకో ప్రధాని విచారిస్తున్నాం అన్నారు, అంతవరకే.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు అక్కడ ఏం కనబడుతుందో చెబుతాము. కాంగ్రెసు పిలుపు మీద దేశమంతా ఇచ్చిన చందాలతో 1920లో ఆ స్థలం కొన్నారు. 1961 ఏప్రిల్ 13న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఎర్రరాతి జ్వాల ఆకారపు స్తంభాన్ని ఆవిష్కరించారు. ఆ రోజు సభలో ఉండి బతికి బయటపడిన ఒక బెంగాలీ డాక్టరుగారి కుటుంబం తరతరాలుగా ఆ చోటి బాగోగులు చూస్తూ వచ్చింది. గోడల మీద తూటా గుంటలు ఉన్నాయి, చుట్టూ తెల్లగా గీసి ఉంటాయి, వేలు పెట్టి చూడబోకండి. జనం దూకిన బావి ఉంది. అందులో నుంచి 120 దేహాలు తీశారని పలక చెబుతుంది.

2021లో చాలా మార్పులు చేసి తెరిచారు. సిపాయిలు వచ్చిన ఇరుకు సందు గోడలకు ఇప్పుడు నవ్వుతూ పండుగకు వెళ్తున్నట్టున్న మనుషుల బొమ్మలు చెక్కి పెట్టారు. బావికి అద్దాలు కట్టారు. సాయంత్రం లైట్లు, మాటలతో ప్రదర్శన వేస్తారు. దీని మీద చరిత్రకారులు, చనిపోయినవారి కుటుంబాలవాళ్ళు కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు, గాయాన్ని అలంకరించారని. శుభ్రం చేశారు, సౌకర్యం పెరిగిందని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మా మట్టుకు మాకు ఆ సందు ముందున్నట్టు మట్టిగా, ఇరుకుగా, బోసిగా ఉంటేనే బాగుండేది. సందు ఎంత ఇరుకో భుజాలకు తెలియాలి గదా. అయినా పండుగకు వెళ్ళేవాళ్ళ నవ్వు ముఖాలు చూస్తూ లోపలికి నడిచి, వాళ్ళలో ఎవరు తిరిగి రాలేదో అనుకోవడం కూడా ఒక రకంగా గుండెను పట్టుకుంటుందని మన ఊరి పిల్లలు చండీగఢ్ నుంచి వెళ్ళి వచ్చి చెప్పారు. చూసి మీరే చెప్పండి.

సిలువ దగ్గర కూడా చూడటానికి వచ్చినవాళ్ళున్నారు. ఆ దృశ్యం చూడటానికి కూడి వచ్చిన జనం, జరిగినది చూసి రొమ్ము కొట్టుకుంటూ తిరిగి వెళ్ళారని లూకా 23లో రాశాడు. వాళ్ళు మంచి ఉద్దేశంతో వచ్చారని ఎక్కడా లేదు. తమాషా చూడటానికే వచ్చి ఉండొచ్చు. వెళ్ళేటప్పుడు మాత్రం వచ్చినట్టు వెళ్ళలేదు. అందుకే ఆ పెద్దమ్మగారికి మా జవాబు: వెళ్ళొచ్చు అమ్మా, మీరు కూడా రండి. ఆ కుర్రాడికి పలకరింపు ఎలాగో మీకన్నా బాగా చూపించేవాళ్ళు బస్సులో ఎవరున్నారు?

టూరువాళ్ళతో మాట్లాడాము. నలభై ఐదు నిమిషాలు రెండు గంటలయ్యాయి, దానికి బదులు బజారులో కొనుగోళ్ళ టైము తగ్గింది (స్త్రీల సమాజం దీనికి ఒప్పుకుంది, ఒకరిద్దరు తప్ప). లోపలికి వెళ్ళాక ఎవరూ పాట పాడరు, బ్యానరు పట్టుకుని గ్రూపు ఫోటో తీయరు. బావి దగ్గర కాసేపు నిలబడతాం. రిస్పా భాగం మన సండే స్కూలు టీచరమ్మ చిన్న గొంతుతో చదువుతారు. పక్కన సిక్కు కుటుంబాలు, హిందూ కుటుంబాలు నిలబడి ఉంటాయి గనుక మైకు వద్దని చెప్పాము. ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్ళు పాత ఊళ్ళో కూచా కుర్రిచ్ఛాన్ సందుకు నడుస్తారు. అది మ్యూజియం కాదు. మనుషులు కాపురమున్న ఇళ్ళ మధ్య దారి, కాబట్టి గుంపుగా కాకుండా ఇద్దరిద్దరుగా వెళ్ళి, ఎవరి గుమ్మం ముందూ ఆగకుండా, నిలువుగా నడిచి రండి. సాయంత్రం లైట్ల ప్రదర్శన చూడాలా, వాఘాకు పోవాలా అన్నది ఇంకా తేలలేదు. యౌవనస్థులు వాఘా అంటున్నారు. పేర్లు ఇచ్చినవాళ్ళు ఆధార్ కాపీలు ఈ ఆదివారం ఆరాధన తర్వాత సంఘ కార్యదర్శిగారికి ఇవ్వగలరు.